చెరువుగట్టు మీద ఎడారి ఇంజిన్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువేమీ కాదు, ఉండాల్సినంతే ఉంది. మా నాన్నగారు కొత్తపేటలో పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవారు. నేను ఆ షెడ్డులోనే హోంవర్కు చేసుకుని, ఆ షెడ్డులోనే అన్నం తిని పెరిగాను. ఇంజిను తెచ్చిన ప్రతివాడూ "దానంతటదే ఆగిపోయిందండి, నేనేం చెయ్యలేదండి" అనేవాడు. నాన్నగారు ఆయ్ ఆయ్ అని తలూపి, వాడటు వెళ్లగానే ఇంజిను విప్పి, ఆయిలు ఉండాల్సిన చోట బురద చూపించి నవ్వేవారు. మనిషి చెప్పేది వినాలి, ఇంజిను చెప్పేది నమ్మాలి అని ఆయన పద్ధతి. నేను ఆ పద్ధతితోనే కాపురానికి వచ్చాను.

వచ్చిన కాపురం కూడా అనుమానించడానికి వీలైనదే. మా ఆయన గల్ఫులో మెకానిక్కు. అక్కడ డబ్బున్న కుర్రాళ్లు సెలవురోజున ఇసుక దిబ్బల మీదకి బళ్లు ఎక్కిస్తారట. ఆ బళ్ల ఇంజిన్లు విప్పి, ఇంకా జోరుగా పరిగెత్తేలా, ఊరంతా వినపడేలా మళ్లీ కట్టే గరాజులో ఆయన పని. పెళ్లయిన కొత్తలో వెళ్లి, ఎప్పుడో ఒకసారి వస్తూ పోతూ, మా అమ్మాయి పెరగడమంతా ఫోన్లో చూసిన మనిషి. మధ్యలో ఒకసారి "ఇంక వెళ్లను" అని వచ్చేశారు. ఊరు నమ్మింది, నేనూ నమ్మాను. కొబ్బరి దింపు అయిపోయిన మర్నాడు అటక మీంచి సూట్‌కేసు దింపుతూ కనిపించారు. "చెబుదామనే అనుకున్నాను. ఏడుస్తావని చెప్పలేదు" అన్నారు. నేను ఏడవలేదు. కానీ ఆనాటి నుంచి అటక మీద చప్పుడైతే అది ఎలుకో, ఆయనో తేల్చుకునేదాకా నాకు కుదురుండదు.

ఈమధ్య రెండోసారి "ఇంక వెళ్లను" అని వచ్చారు. ఈసారి ఊరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. అమలాపురం శివార్లో కాలవ పక్కన మాకు చిన్న కొబ్బరితోట ఉంది. ఇల్లూ అందులోనే. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, పనిముట్లు సర్దుకుని, మోటారు సైకిళ్లూ ఆటోలూ చూడడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు ముందు బండి సంగతి చెప్పరు. "ఎప్పుడొచ్చేరండీ? మళ్లీ ఎప్పుడండీ ప్రయాణం?" అంటారు. గల్ఫు నుంచి వచ్చినవాణ్ణి మా వైపు అలాగే పలకరిస్తారు, అది మర్యాద. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. "వెళ్లనండి" అనడానికి నోటికేమైంది?

అలాంటి రోజుల్లో అల్లవరం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన చిన్న పెట్రోలు జీపు వేసుకుని వచ్చారు. పాతదే గాని ముద్దుగా ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, వానల గురించీ రొయ్యకు వచ్చే తెల్లమచ్చ గురించీ చెప్పి, మా అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి అడిగి, అప్పుడు అసలు విషయానికి వచ్చారు.

"మేత బస్తాలు ట్రైలర్లో ఏసుకుని గట్టెక్కాలండి. ఎక్కట్లేదండి. ఇంజిను నీరసించిపోయిందండి. తమరు గల్ఫులో శానా పెద్ద పెద్ద ఇంజిన్లు కట్టేరంట గదండీ. దీన్నీ అలాగ కట్టేయండి. పవరు పెరగాలండి, అంతే."

"ఆయ్, పవరే గదండీ! చూద్దురుగానీ" అన్నారు మా ఆయన.

గల్ఫు నుంచి వచ్చాక ఆయన మొహంలో అంత వెలుగు చూడడం నాకు అదే మొదలు. సంతోషం వేసింది. వెంటనే అనుమానం కూడా వేసింది. ఆటో బాగుచేసినప్పుడు లేని వెలుగు ఇప్పుడెందుకు వచ్చిందీ అని.

ఆ మధ్యాహ్నమే ఆయన సూట్‌కేసు దింపారు. నేను వంటింట్లోంచి పప్పు గరిటెతోనే పరిగెత్తాను. సూట్‌కేసు అడుగు నుంచి లుంగీలో చుట్టిన బరువైన మూట తీసి, పసిపిల్లను విప్పినట్టు విప్పారు. లోపల క్యామ్‌షాఫ్టు. తళతళలాడుతోంది, ఒక్క గీత లేదు.

"ఎవరైనా గల్ఫు నుంచి సెంటు సీసాలు తెస్తారు, ఖర్జూరం తెస్తారు. ఇదేంటండీ?" అన్నాను.

"ఎప్పుడైనా పనికొస్తదని తెచ్చేను."

"ఏ పనికి?"

"ఏదో పనికి. ఈ చిన్న జీపులే అక్కడా ఇసకలో తిప్పుతారు. దానికిది సరిగ్గా సరిపోద్ది" అంటూ దాన్ని వెలుతురులో తిప్పి చూసుకున్నారు.

తెలియనివారికి ఒక మాట చెప్పాలి. క్యామ్‌షాఫ్టంటే ఇనప కడ్డీ. దాని మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. కడ్డీ తిరుగుతుంటే ఆ ఉబ్బులు వాల్వులను నొక్కుతాయి. వాల్వు తెరుచుకుంటే ఇంజిను గాలి పీలుస్తుంది. వాల్వు ఎంత లోతుకు దిగాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది ఆ ఉబ్బు ఆకారంలోనే ఉంటుంది. ఉబ్బు బాగా లావుగా ఉంటే వాల్వు చాలాసేపు తెరుచుకునే ఉంటుంది. ఇంజిను పిచ్చి వేగంతో తిరిగేటప్పుడు అది మంచిదే, అంత తొందరలోనూ కడుపునిండా పీల్చగలుగుతుంది. నిదానంగా తిరిగేటప్పుడు మాత్రం పీల్చిన గాలి మూసేలోపలే వెనక్కి పోతుంది. ఇంజినుకు ఊపిరి చాలదు, లాగలేదు.

ఆయన చేతిలో ఉన్న క్యామ్ ఉబ్బులు చూడగానే నాకు తెలిసిపోయింది. అది పరుగు క్యామ్. ఇసుకలో యాక్సిలరేటరు తొక్కిపట్టి, ఇంజిను అరుస్తుంటే దిబ్బ మీంచి దిబ్బ మీదకి దూకే బండికి వేసేది. మేత బస్తాలతో, మొదటి గేరులో, బురదగట్టు మీద కాలు కూడదీసుకుని నడవాల్సిన జీపుకు కాదు. నాన్నగారి షెడ్డులో గుడ్డివాళ్లకైనా ఈ తేడా తెలిసేది. నాకు తెలిసిందంటే ఇన్నేళ్లు ఆ పనే చేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసే వేస్తున్నారు. ఎందుకు వేస్తున్నారు?

నేను ఆ ముక్క పైకి అనలేదు. దొంగను కనిపెట్టేవాడు ఎక్కడైనా దొంగను పిలిచి, నాయనా, నీ చెయ్యి కనపడుతోంది అని చెబుతాడా?

తరవాత హెడ్డు సంగతి వచ్చింది. వాల్వులు కూర్చునేది ఇంజిను హెడ్డులోనే. గాలి లోపలికి వచ్చే దారులు కూడా దానిలోనే ఉంటాయి. జీపు హెడ్డు విప్పి చూస్తే ఆ దారులు ఇరుకుగా ఉన్నాయి. అవి నిదానపు బండికి తగ్గట్టు కంపెనీవాడు పెట్టిన దారులు. మా ఆయన వేలు దూర్చి పెదవి విరిచారు.

"ఈ క్యామ్‌కి ఈ హెడ్డు చాలదు. ముక్కు మూసుకుని పరిగెత్తినట్టుంటది" అన్నారు.

ఆ మాట నిజమే. కానీ క్యామ్ చాలా పెద్దదని అనొచ్చు, హెడ్డు చాలదని ఎందుకనాలి? ఆయన బెజవాడ వెళ్లి పాత సామాన్ల కొట్టులో అలాంటిదే ఇంకో హెడ్డు వెతికి తెచ్చారు. జీపు సొంత హెడ్డును గోనెగుడ్డలో చుట్టి మూలన పెట్టి, తెచ్చినదాని దారులు గ్రైండరుతో అరగదీయడం మొదలుపెట్టారు. రోజంతా అదే పని. తోటలో కాకులు కూడా అటు రావడం మానేశాయి. మా కాలవను చూసినవాళ్లకి ఇందులో ఉన్న తిరకాసు చెప్పక్కర్లేదు. ఇరుకు కాలవలో కొంచెం నీళ్లు వదిలినా బిరబిరా పారతాయి. అదే కాలవ వెడల్పు చేసి అవే నీళ్లు వదిలితే నిలబడిపోయి నాచు పడతాయి. గాలైనా అంతే. దారి వెడల్పు చేస్తే పెద్ద వేగంలో బాగుంటుంది, చిన్న వేగంలో చచ్చిపోతుంది. ఆయన పరుగు క్యామ్‌కి పరుగు హెడ్డు జోడీ కలుపుతున్నారు. జోడీ బ్రహ్మాండంగా కుదురుతోంది. ఎటొచ్చీ, ఆ జోడీకీ అల్లవరం చెరువుగట్టుకీ ఏ సంబంధమూ లేదు.

మరి దేనితో ఉంది సంబంధం? ఇసుకతో. అదీ నా లెక్క. ఇక్కడ, మన తోటలో, పరాయివాడి జీపు మీద ఇసుక ఇంజిను కడుతున్నారు. కట్టి, దాని చప్పుడు ఫోన్లో పట్టి, అక్కడి ఫోర్‌మన్‌కు పంపుతారు. చూడు, నా చెయ్యి ఇంకా పోలేదు అని. ఆ తరవాత వీసా వస్తుంది. ఆ తరవాత "ఏడుస్తావని చెప్పలేదు" అంటారు.

నేను ఊరికే అనడం లేదు. ఫోర్‌మన్ ఫోన్లు చేస్తున్నాడు. అతనిది కేరళలో మలబారు. అతని ఫోను రాగానే మా ఆయన షెడ్డులోంచి లేచి కాలవగట్టు మీదకి వెళ్లిపోయేవారు. అంతకుముందు ఎవరి ఫోనైనా పానా చేతిలో పెట్టుకుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడే మనిషి. ఒకరోజు నేను ఆరేసిన బట్టలు తీసే వంకన కొబ్బరిచెట్టు చాటుకు వెళ్లాను. బట్టలు అంతకు ముందే తీసేశాను, వట్టి తీగె పట్టుకుని నిలబడ్డాను. "ఇంజిన్ హోనే దో భాయ్, ఉస్కే బాద్ బోల్తా" అంటున్నారు. ఇంజిను కానీ, ఆ తరవాత చెబుతాను. ఆ హిందీ అర్థం కాకపోవడానికి నేనేం చిన్నపిల్లనా?

దానికి తోడు క్రాఫు చేయించుకున్నారు. కొత్త బూట్లు కొన్నారు. షెడ్డులో గ్రీజులో తిరిగేవాడికి కొత్త బూట్లెందుకండీ? "పాతవి చిరిగేయి" అన్నారు. చిరిగిన మాట నిజమే, నేను చూశాను. అయినా సరే.

మా అత్తగారు ఇదంతా గమనిస్తూనే ఉన్నారు. ఆవిడ కళ్లకు పొర వచ్చిందంటారు గాని, నా మొహంలో మార్పు ఆవిడకి వీధి చివరి నుంచైనా కనపడుతుంది.

"ఏంటే అమ్మాయ్, వాడి చుట్టూ పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నారు.

"మీ అబ్బాయి మళ్లీ వెళ్లిపోతారండి."

"వాడు చెప్పేడా?"

"చెప్పలేదండి. అదే కదా అనుమానం."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగెయ్యవే. అనుమానం పెనుభూతం."

"అడిగితే లేదంటారండి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదండీ, నేను పట్టి చూపిస్తాను."

ఆవిడ నా వంక జాలిగా చూసి మందార నూనె అడిగి పుచ్చుకుని లోపలికి వెళ్లిపోయారు.

నేను ఆయనకి సాయం చెయ్యడం మానలేదు. దొంగకు దగ్గరగా ఉండడమే మంచిదనిపించింది. నిజం చెప్పాలంటే ఆ పని నాకిష్టం కూడాను. కొత్త క్యామ్ వేసినప్పుడు వాల్వు మామూలుకన్నా లోతుకు దిగుతుంది. కింద నుంచి పిస్టను పైకొస్తుంది. రెండూ గుద్దుకుంటే ఇంజిను అక్కడితో సరి. అందుకని ముందుగా ఒక పరీక్ష చేస్తారు. పిస్టను మీద మెత్తటి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో నెమ్మదిగా తిప్పి, మళ్లీ విప్పి, ముద్ద మీద వాల్వు ఎంత లోతు నొక్కిందో కోసి చూస్తారు. అక్కడ దానికి వేరే మైనం ఉంటుందట. ఇక్కడ చపాతీ పిండి. నేను పిండి కలిపాను. వాల్వుకు అంటుకోకుండా నూనె రాశాను. ఆయన క్రాంకు తిప్పుతుంటే నేను హెడ్డు మీద చెయ్యేసి, లోపల ఏదైనా తగులుతుందేమో వేళ్లతో విన్నాను. తగల్లేదు. విప్పి, ముద్దను బ్లేడుతో కోసి చూస్తే వాల్వుకీ పిస్టనుకీ మధ్య కావలసినంత చోటుంది.

"చూసేవా! ఎంత బాగా కుదిరిందో" అన్నారు. ఆయన చేతులకీ నా చేతులకీ పిండి. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి చేసిన పని అంటూ ఏదైనా ఉంటే అదే. నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ వచ్చింది. ఇంత ప్రేమగా ఉన్న మనిషి ఇంత మోసం చేస్తారా అని కోపం కూడా వచ్చింది. "బాగుందండి" అని మాత్రం అన్నాను.

ఆ ఒక్క మాట అనడానికి నా నాలుక ఎన్ని మెలికలు తిరిగిందో నాకు తెలుసు. ఎందుకంటే నోటి చివర ఉన్న మాట వేరే. ఏవండీ, ఈ క్యామ్ ఆ గట్టు ఎక్కదండి. అదీ మాట. అంటే సర్దుకుంటారు, వేరే కథ చెబుతారు, నా సాక్ష్యం పోతుంది. అందుకని మింగేశాను.

ఇంజిను లేచిన రోజు తోటంతా అదిరింది. నిలబెట్టి ఉంచితే గుర్రుగుర్రుమని ఒక్కో ఊపిరీ తడుముకుంటూ పీలుస్తోంది. పరుగు క్యామ్ అంతే, నిదానంగా ఉండలేదు. కాలు తొక్కగానే ఒక్కసారి ఘీంకరించింది. నేను అనుకున్నట్టే ఆయన ఫోను తీసి చప్పుడు పట్టారు. అనుకున్నది కళ్లముందు జరుగుతుంటే మనిషికి ఒక రకమైన తృప్తి ఉంటుంది. ఏడుపు వస్తున్నా తృప్తి తృప్తే.

"నువ్వూ రా, అల్లవరం. ఆయనకి అప్పజెప్పేసి వద్దాం. అక్కణ్ణుంచి బస్సులో రావొచ్చు" అన్నారు. ఎక్కి కూర్చున్నాను. ఊళ్లలో గేదెలకీ ఆటోలకీ ఆగినప్పుడల్లా ఇంజిను ఆగిపోబోయింది, ఆయన కాలు తీయకుండా బతికించుకుంటూ వచ్చారు. ఊరు దాటి తిన్నని రోడ్డు దొరికాక మాత్రం ఎగిరింది. ఆయన గట్టిగా నవ్వారు. నా పమిట గాలికి పోయి ఆయన మొహం మీద పడింది. ఇంత ఆనందం ఈ మనిషికి ఇసుకలోనే ఉంది కాబోలు, ఇంక ఆపడం దేనికి అనిపించింది.

చెరువుల దగ్గర ట్రైలరు సిద్ధంగా ఉంది. బస్తాలు ఎత్తి ఉన్నాయి. చెరువులాయన, పనివాళ్లు, పక్క చెరువులవాళ్లు అందరూ చేరారు. గల్ఫు ఇంజినని ముందే చెప్పుకున్నట్టున్నారు. ఎవరో కొబ్బరిబొండాలు కూడా కొట్టారు. మా ఆయన ట్రైలరు తగిలించి, మొదటి గేరు వేసి, గట్టు మొదట్లో క్లచ్చి వదిలారు. ఇంజిను ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

మళ్లీ లేపారు. మళ్లీ ఆగింది. మూడోసారి కాలు అదిమిపెట్టి చెవులు గింగురుమనేలా అరిపించి వదిలారు. చక్రాలు గిర్రున తిరిగి బురద అందరి మొహాల మీదా కొట్టింది. జీపు పక్కకి జారి, ట్రైలరు వెనక్కి వాలి, పైనున్న బస్తా ఒకటి చెరువులో పడింది. చేతికందినవాళ్లంతా పట్టుకుని ఆపారు. లేకపోతే జీపూ దిగేదే.

చెరువులాయన తుండుతో మొహం తుడుచుకున్నారు. "పర్లేదండి, పర్లేదండి. గట్టు తడిగా ఉందండి. రాత్రి చినుకు పడింది గదండీ. బండి మాత్రం బెమ్మాండంగా ఉందండి. సౌండయితే ఇంక చెప్పక్కర్లేదండి" అన్నారు. పనివాళ్లూ తలూపారు. మా వైపు మర్యాద ఎంత ఎక్కువైతే పని అంత చెడిందని అర్థం. పాత ఇంజినుకు ఓపిక లేకపోయినా ఖాళీ ట్రైలరుతోనైనా ఎక్కేది. ఇది గట్టు మొదట్లోనే కూలబడింది.

"బండి మళ్లీ తీసుకెళ్తానండి. ఇంకోసారి చూస్తాను" అన్నారు మా ఆయన, తలెత్తకుండా.

తిరుగుదారిలో కాలవ వంతెన దగ్గర జీపు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"ఫోన్ చేసి చెప్పేస్తాను. వస్తానని" అన్నారు.

"నాకు ముందే తెలుసు లెండి."

"ఏం తెలుసు?"

అప్పుడు విప్పాను మూట. ఎన్నాళ్లుగానో కూడబెట్టిందంతా వరసగా పెట్టాను. లుంగీలో క్యామ్, బెజవాడ హెడ్డు, కాలవగట్టు ఫోన్లు, క్రాఫు, బూట్లు, చప్పుడు పట్టడం. ఇది ఇసుక ఇంజినని మొదటిరోజే కనిపెట్టానన్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదా అన్నాను. చెబుతుంటే ఎక్కడా తడబడలేదు. నాన్నగారు వింటే మెచ్చుకునేవారు.

ఆయన అంతా విన్నారు.

"వెళ్లిపోయేవోణ్ణయితే ఇంత తంటాలెందుకు పడతానే?" అన్నారు చివరికి. "ఈ ఇంజిను కుదిరితే ఇక్కడే ఉండిపోదామనుకున్నాను. చెరువులోళ్లందరి దగ్గరా ఇలాంటి జీపులున్నాయి. ఒకటి బాగా కడితే మిగతావీ వస్తాయి గదా. ఆ ఫోర్‌మన్‌కీ అదే చెప్పేను. కుదిరితే రాను, కుదరకపోతే వస్తానని. నీ ముందర మాట్లాడితే నీకాశ పుట్టుద్దని, తీరా కుదరకపోతే బాధపడతావని అవతలికెళ్లేవోణ్ణి."

"మరి ఈ క్యామ్? తెలిసి తెలిసి ఇది వేస్తారా ఎవరైనా?"

"తెలిస్తే ఎందుకేస్తాను?" అన్నారు. ఆ మాట చాలా చిన్నగా అన్నారు. "అక్కడ ఏ క్యామో, ఏ హెడ్డో వాళ్లు చెప్పేవోరు. నేను జోడీ కలిపి కట్టేవోణ్ణి. అన్నీ ఇసకబళ్లే. పవరంటే నాకు అదే. ఇంకోలాంటి ఇంజిను ఈ చేత్తో ఎప్పుడూ కట్టలేదే."

ఇంత అనుభవం ఉన్నవాడికి తెలియకుండా ఉంటుందా అన్న ఒక్క నమ్మకం మీదే కదా నా అనుమానమంతా కట్టుకున్నాను. ఆ నమ్మకం అక్కడ ఆ వంతెన మీద కూలిపోయింది. నా మొహం చూసి ఆయనకి ఏదో తట్టింది.

"ఇది గట్టెక్కదని నీకు మొదటిరోజే తెలుసన్నావు గదా?"

"ఆయ్."

"పిండి ముద్ద పెట్టినప్పుడూ తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

మీరు వెళ్లిపోతారని భయమేసి, మిమ్మల్ని వెళ్లగొట్టే ఇంజినుకు దగ్గరుండి పిండి కలిపానని ఎలా చెప్పను? నాకు సిగ్గేసింది, భయం వేసింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది. "మీరు మాత్రం చెప్పేరా?" అన్నాను. కాలవలో గుర్రపుడెక్క గుంపు ఒకటి వంతెన కింద చిక్కుకుని, మెల్లగా విడిపించుకుని వెళ్లిపోయింది.

"ఫోన్ చెయ్యకండి. పాత హెడ్డు మూలన ఉంది గదా" అన్నాను.

మర్నాడు గోనెగుడ్డ విప్పాం. ఈసారి నేను నోరు మూయలేదు. ఆ ఇరుకు దారులను ముట్టుకోవద్దన్నాను. అరిగిన వాల్వులు మార్చి, అవి కూర్చునే చోటు కొత్తగా కోయించి, టౌన్లో లేత్ వర్క్స్‌లో హెడ్డు అడుగును వెంట్రుకవాసి చెక్కించి ఫేసింగ్ పట్టించాం, ఇంజినుకు బిగువు రావడానికి. జీపుతో వచ్చిన పాత క్యామే కడిగి చూస్తే అరగలేదు. దాన్నే వేశాం. నాకు తెలిసింది కొంచెమే, అది కూడా నీళ్ల ఇంజిన్ల తెలివి. ఆయన చేతికి మాత్రం ఒకసారి చెబితే చాలు, రెండోసారి చెప్పక్కర్లేదు. "ఇదెందుకు?" అని చిన్నపిల్లాడిలా అడిగేవారు. ఆ అడగడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఎకసెక్కం చెయ్యలేదు. చేద్దామని మాత్రం చాలాసార్లు అనిపించింది.

ఈసారి అల్లవరంలో కొబ్బరిబొండాలు కొట్టలేదు, ఎవరూ చేరలేదు. జీపు చప్పుడు లేకుండా, తల వంచుకుని, నిండు ట్రైలరుతో గట్టెక్కి అవతల దిగింది. చెరువులాయన "ఎక్కిందండి" అని ఒక్క మాట అని, మేత చల్లించుకునే పనిలో పడిపోయారు. పొగడ్త లేదు. మా ఆయన బస్సులో ఇంటికొచ్చే దారంతా కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నారు. ఇంటికొచ్చాక అరుగు మీదే, మా అత్తగారి ముందే, ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి రానని చెప్పేశారు. అత్తగారు ఆ హిందీ అంతా విని "ఏమన్నాడే?" అని నన్నడిగారు. చెప్పాను. ఆవిడ "నేను ముందే చెప్పేను గదా" అన్నారు. ఎప్పుడు చెప్పారో నాకైతే గుర్తులేదు.

ఇప్పుడు షెడ్డు ముందు చెరువుల జీపులు వరసగా ఉంటాయి. నేను వంట అయ్యాక వచ్చి స్టూలు మీద కూర్చుంటాను. ఆయన పని చేస్తుంటారు. అనుమానించడానికి నాకు ఇంట్లో ఏమీ మిగల్లేదు, కాస్త వెలితిగానే ఉంది.

ఆయన సంగతి వేరు. కూరకి ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ నేను కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే చాలు, పానా ఆగిపోతుంది. నా మొహంలోకి చూస్తారు.

"ఏం కనపడింది?" అంటారు.

"ఏమీ లేదండి."

"చెప్పు."

"ఏమీ లేదండీ బాబూ, నిజంగా."

ఆయన తల ఊపుతారు, సరే అంటారు. అని, అప్పటిదాకా బిగించినదంతా మళ్లీ విప్పడం మొదలుపెడతారు.